‘బెన్’ జారిపోయిన రోజు: గుజరాతీ కథల్లో ఆఫీసు ప్రేమ

అహ్మదాబాద్‌లో ఒక బ్యాంకు శాఖ. కొత్తగా చేరిన అమ్మాయి పేరు హేతల్ అనుకుందాం. చేరిన రోజు సాయంత్రానికల్లా ఆమె అందరికీ ‘హేతల్‌బెన్’ అయిపోతుంది. పక్క సీటు కుర్రాడు ఆమెకు ‘నీలేశ్‌భాయ్’. బెన్ అంటే అక్కో చెల్లెలో, భాయ్ అంటే అన్నో తమ్ముడో. గుజరాత్‌లో బ్యాంకుకు వెళ్లినా, బడికి వెళ్లినా, తాలూకా కచేరీకి వెళ్లినా పేరు వెనక ఈ తోక ఉండాల్సిందే. మన ‘గారు’ లాగా అదొక మర్యాద. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్ల పేర్లకూ అంటుకునే ఉంటుంది. అంబానీల ఇంటి కోకిలాబెన్ పేరు మనమూ విన్నదే.

మరి అందరూ అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు అయిపోయిన చోట ప్రేమ ఎలా మొదలవుతుంది? పిలుపులోనే మొదలవుతుంది. నెలాఖరు లెక్కల హడావుడిలో నీలేశ్ ‘హేతల్‌బెన్’ అనబోయి ‘హేతల్’ అంటాడు. ఆమె తలెత్తి చూస్తుంది, ఏమీ అనదు. ఇంకొన్నాళ్లకు ‘తమే’ పోయి ‘తూ’ వస్తుంది, అంటే మన ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చినట్టు. ఇంగ్లిషులోకి వెళ్లగానే ఈ రెండు మెట్లూ మాయమైపోతాయి. తెలుగులో మాత్రం చెక్కుచెదరకుండా నిలుస్తాయి. అందుకే గుజరాతీ ఆఫీసు ప్రేమకథ మనకు తొందరగా అర్థమవుతుంది. అయితే ఆ కథ వెనక మనకు అంతగా పరిచయం లేని చరిత్ర ఒకటుంది. అది తెలిస్తేగాని, జారిపోయిన ఆ ఒక్క ‘బెన్’ ఎంత బరువైనదో తెలియదు.

పేఢీలో ప్రేమకు చోటు లేదు

గుజరాత్‌లో పని అనగానే తరతరాలుగా మనసులో మెదిలేది ఆఫీసు కాదు, పేఢీ. పేఢీ అంటే కుటుంబం నడిపే వ్యాపార సంస్థ. తెల్లటి పరుపు పరిచిన గాదీ, దాని మీద శేఠ్, పక్కన లెక్కలు రాసే మెహతాజీ, ఎర్ర గుడ్డ అట్టల చోపడాలు. దీపావళికి ఆ లెక్కల పుస్తకాలకు పూజ చేస్తారు, దాన్ని చోపడా పూజన్ అంటారు. పండగయ్యాక ఐదో రోజు, లాభ్ పంచమినాడు, దుకాణం మళ్లీ తెరుస్తారు. గాదీ మీద తండ్రి తర్వాత కొడుకు, అన్న తర్వాత తమ్ముడు కూర్చుంటారు. పరాయి మనిషి ఉన్నా నమ్మకస్తుడైన మెహతాజీగా ఉంటాడు. ఆడవాళ్లు ఆ గడప లోపల కనిపించడం అరుదు.

అక్కడ ఒక పాత సామెత ఉంది: ఉత్తమం వ్యవసాయం, మధ్యమం వ్యాపారం, కనిష్ఠం ఉద్యోగం. ఒకరి కింద చేసే నోకరీ అన్నిటికన్నా అడుగున ఉండేది. పేఢీలో ఇల్లూ పనీ ఒకటే. పెళ్లి కూడా రెండు ఇళ్ల మధ్య, తరచు రెండు పేఢీల మధ్య కుదిరే సంబంధం. ఇద్దరు అపరిచితులు పక్కపక్కన కూర్చుని రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే చోటు ఆ ఏర్పాటులో లేదు. ఆఫీసు ప్రేమకు కావలసిన మొదటి వస్తువే అక్కడ దొరకదన్నమాట.

అందుకే గుజరాతీ సాహిత్యంలో పాత ప్రేమలు పని దగ్గర పుట్టలేదు. గోవర్ధన్‌రామ్ త్రిపాఠీ 1887 నుంచి 1901 దాకా నాలుగు భాగాలుగా వెలువరించిన ‘సరస్వతీచంద్ర’ను తీసుకుందాం. నూతన్ నటించిన 1968 హిందీ సినిమా ద్వారా ఈ కథ మనవాళ్లకూ తెలుసు. ముంబయి వ్యాపారి కొడుకు సరస్వతీచంద్రకూ కుముదకూ పెళ్లి నిశ్చయమవుతుంది. అతను ఇల్లు విడిచి వెళ్లిపోతాడు, ఆమెకు వేరే పెళ్లి జరిగిపోతుంది. తర్వాత అతను మారుపేరుతో సువర్ణపురం చేరి, రాజ్యంలో పెద్ద అధికారి అయిన బుద్ధిధనుడి ఇంట్లో ఆశ్రయం పొందుతాడు. కుముద ఆ ఇంటి కోడలే. రాజకాజం నడిచేదీ సంసారం సాగేదీ ఒకే కప్పు కింద. ఒకప్పుడు పెళ్లి కుదిరిన ఇద్దరు ఆ కప్పు కింద ఎదురుపడతారు, నోరు విప్పలేరు. పనిచోటు, ఇల్లు వేరు కాని సమాజంలో ప్రేమ ఎంత ఊపిరాడక నలిగిందో చూపిన నవల అది.

పన్నాలాల్ పటేల్ 1941 నాటి నవల ‘మళేలా జీవ్’లో కాంజీ, జీవీ కలుసుకునేది జన్మాష్టమి జాతరలో, రంగులరాట్నం దగ్గర. అతనిది పాటీదార్ల కులం, ఆమెది మంగలి కులం. ఏడాదికి ఒకటి రెండు సార్లు కట్టుబాట్లు కాస్త వదులయ్యే చోటు జాతర. అదే వాళ్లను కలిపింది, జాతర అయిపోయాక ఊరు వాళ్లను విడదీసింది. ఒక్క పూట జాతరలో దొరికిన స్వేచ్ఛ ఏడాది పొడవునా, పది నుంచి ఐదు దాకా దొరికితే ఏమవుతుంది? ఆఫీసు కథ అడిగేది సరిగ్గా ఈ ప్రశ్నే.

కౌంటరు, పాలకేంద్రం, టేబుల్

ఆఫీసు గుజరాతీ కథలోకి మొదట ప్రేమతో రాలేదు, నిరీక్షణతో వచ్చింది. ధూమకేతు రాసిన ‘పోస్టాఫీస్’ కథలో ముసలి అలీ కూతురి ఉత్తరం కోసం రోజూ పోస్టాఫీసుకు వస్తాడు. గుమాస్తాలకు అతనొక వేళాకోళం. 1926లో అచ్చయిన ‘తణఖా’ సంపుటిలోని ఈ కథ గుజరాతీ కథానికకే మైలురాయి. అక్కడ ఆఫీసంటే గుండె లేని చోటు. ఆ గుండెను కదిలించడమే కథ చేసిన పని.

అంతకు ముందు నుంచే సమాజం మారుతూ వచ్చింది. అహ్మదాబాద్‌లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ మొదలుపెట్టిన బట్టల మిల్లు 1861లో పనిచేయడం ఆరంభించింది. మిల్లు సైరన్ కొన్ని తరాల దినచర్యను నడిపింది. 1946లో ఆణంద్‌లో పాల సహకార సంఘం పుట్టింది, అదే ఇవాళ్టి అమూల్. 1969లో బ్యాంకుల జాతీయీకరణ తర్వాత శాఖలు ఊళ్లకు చేరాయి. బళ్లు, ఆస్పత్రులు, టెలిఫోన్ ఎక్స్‌చేంజీలు చదువుకున్న ఆడపిల్లలకు ఒక టేబుల్, ఒక హాజరు పట్టీ, ఒకటో తారీఖు జీతం ఇచ్చాయి.

ఈ మలుపును తెరకెక్కించిన గొప్ప సినిమా శ్యామ్ బెనెగల్ ‘మంథన్’. అయిదు లక్షల మంది గుజరాత్ పాడిరైతులు తలా రెండు రూపాయలు వేసి 1976లో తీయించిన చిత్రం. భాష హిందీ అయినా మట్టి మాత్రం గుజరాత్‌దే. పశువైద్యుడు డాక్టర్ రావు సహకార సంఘం పెట్టడానికి ఊరికి వస్తాడు. బిందు పేద పాడిమహిళ. పనిలో భాగంగానే ఇద్దరి మధ్య మాట కలుస్తుంది, పైకి చెప్పుకోలేని దగ్గరతనం పెరుగుతుంది. సంఘం గిట్టనివాళ్లు చివరికి ఆ చనువునే అతని మీద ఆయుధం చేసి, ఆమె వేలిముద్రతోనే నింద మోపుతారు. పని దగ్గర మొదలైన ఆడమగ స్నేహాన్ని ఊరు ఎంత సులువుగా పుకారు చేస్తుందో, ఆ పుకారు ఎవరికి లాభిస్తుందో ఇంత సూటిగా చెప్పిన సినిమాలు తక్కువ. బిందుగా నటించిన స్మితా పాటిల్ కళ్లలోని ఆ మౌనం తర్వాతి ఎన్ని ఆఫీసు కథలకైనా పాఠం.

ఇల్లే ఆఫీసైన వాళ్లు

ఇంకో సంగతి మరవకూడదు. గుజరాతీ రచయిత్రులు ఆఫీసుకన్నా ముందు ఇంటినే పనిచోటుగా చూపించారు. కుందనికా కాపడియా 1984 నవల ‘సాత్ పగలా ఆకాశమా’లో వసుధ సంసారమంతా జీతం లేని కొలువే. ఈ నవలకు 1985లో సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. ముంబయి గుజరాతీ రంగస్థలం మీద పద్మారాణి నటించిన ‘బా రిటైర్ థాయ్ ఛే’ నాటకంలో అమ్మ ఇంటిచాకిరీ నుంచి రిటైరవుతున్నానని ప్రకటిస్తుంది. ఆ నాటకం పేరు వింటేనే ప్రేక్షకులకు నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డమూ పడుతుంది.

ఈ కథల తర్వాత వచ్చిన తరం ఆడపిల్ల ఆఫీసులో అడుగుపెట్టినప్పుడు వసుధ అనుభవం ఆమె వెంటే ఉంటుంది. ప్రేమించినవాడు తన ఉద్యోగాన్ని ఎలా చూస్తాడన్నది ఆమెకు అందుకే అంత ముఖ్యం. వాడు పువ్వులు తెచ్చాడా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

పెళ్లిచూపులకు కూడా ఈలోపు ఆఫీసు లక్షణం వచ్చేసింది. సంబంధం చూసేవాళ్లు ఇప్పుడు అడిగేది ‘బయోడేటా’నే. మధు రాయ్ నవల ‘కింబల్ రేవెన్స్‌వుడ్’లో అమెరికా నుంచి వచ్చిన యోగేశ్ పటేల్ పన్నెండు రాశులకు పన్నెండు మంది అమ్మాయిలను చూడటానికి బయల్దేరతాడు. 2009లో వచ్చిన హిందీ సినిమా ‘వాట్స్ యువర్ రాశీ’కి ఆధారం ఇదే. పెళ్లి కాసేపటి ఇంటర్వ్యూగా మారిన చోట ఆఫీసు అందుకు సరిగ్గా ఎదురు దారి తెరుస్తుంది. అక్కడ మనిషిని అరగంటలో ఎంచరు. ఆలస్యంగా వచ్చినప్పుడు అతను ఏం సాకు చెబుతాడో, పై అధికారి తిట్టినప్పుడు ఆమె ఎలా నిలబడుతుందో, ప్యూను మీద ఎవరు గొంతు పెంచుతారో నెలల తరబడి చూస్తారు. బయోడేటాలో రాయని సంగతులన్నీ హాజరు పట్టీ పక్కన తెలిసిపోతాయి.

డబ్బా మూత తెరిస్తే

ఇప్పుడు హేతల్, నీలేశ్‌ల దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నలుగురూ టేబుళ్లు కలిపి స్టీలు డబ్బాలు తెరుస్తారు. హేతల్ డబ్బాలో థెప్లాలు, పక్కన చిన్న డబ్బాలో ఛుందో, అంటే తీపీ కారమూ కలిసిన మామిడి తురుము పచ్చడి. నీలేశ్ తెచ్చింది బంగాళాదుంప కూర, రొట్టె. అతను చెయ్యి చాచి కూర అందిస్తాడు. ఆమె నవ్వి తల అడ్డంగా ఊపుతుంది. ఆమెది జైన కుటుంబం. జైనులు నేలలో పండే దుంపలు తినరు. ఒక్క ముక్క కూర వద్దనడంతో ఆమె ఇల్లు, ఆచారం, ఆమె వెనకున్న బంధువర్గమంతా ఆ టేబుల్ మీదికి వచ్చి కూర్చున్నట్టయింది.

మర్నాడు అతని డబ్బాలో సొరకాయ కూర ఉంటుంది. దుంప లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. అతను ఏమీ చెప్పడు, డబ్బా ఆమె వైపు జరుపుతాడు. ఆమె ఒక ముద్ద తీసుకుంటుంది.

రచయిత ఇక్కడ ‘ప్రేమ’ అన్న మాట రాయాల్సిన పని లేదు. ఇంట్లో అమ్మతో అతను ఆ కూర చేయమని ఎలా అడిగి ఉంటాడో చదువరే ఊహించుకుంటాడు. ‘ఉన్నట్టుండి ఇదేం కోరిక?’ అని ఆమె కొడుకు మొహంలోకి చూసి ఉంటుంది. సంగతి మొదట అమ్మకే తెలిసి ఉంటుంది.

గుజరాతీ జీవితంలో ఇలాంటి సన్నివేశాలకు కొదవ లేదు. జనవరి 14న ఉత్తరాయణ్ వస్తుంది. ఊరంతా మేడల మీదికెక్కి గాలిపటాలు ఎగరేస్తుంది. సహోద్యోగిని ఇంటికి పిలిచినప్పుడు అది ‘ఆఫీసు వాళ్లను పిలిచాం’ అనే ముసుగులో వెళ్లిపోతుంది. చరఖీ పట్టుకుని దారం వదిలే మనిషి ఎవరి వెనక నిలబడ్డారో మాత్రం మేడ మీద అందరూ గమనిస్తారు. నవరాత్రి తొమ్మిది రాత్రులూ గర్బా నృత్యం ఉంటుంది. పొద్దున్నే ఫైలు వెనక కనిపించిన మనిషి రాత్రి చణియా చోళీలో, కేడియులో వేరే మనిషిలా మెరుస్తారు. 2023 డిసెంబరులో యునెస్కో గర్బాను మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది. అయితే దాని అసలు బలం అక్కడివాళ్లకు ముందే తెలుసు. అందరి కళ్ల ఎదుటే, పెద్దల సమక్షంలోనే యువతీయువకులు ఒకే వలయంలో తిరగగలిగే చోటు అది. పన్నాలాల్ పటేల్ జాతరకు నగరంలో వచ్చిన వారసుడు గర్బా మైదానం. ఆ మైదానంలో చూసిన మొహం మర్నాడు పదింటికి ఆఫీసులో మళ్లీ కనిపించడమే ఈ కాలం తెచ్చిన మార్పు.

తెర మీద పనిచోటు

గత పదిహేనేళ్లలో గుజరాతీ సినిమా కొత్తగా ఊపిరి పోసుకుంది. 2012లో ‘కేవీ రీతే జైశ్’, 2014లో ‘బే యార్’, 2015లో ‘ఛెల్లో దివస్’ నగర యువతను మళ్లీ థియేటర్లకు రప్పించాయి. ఆ ఊపులోనే 2017లో ‘లవ్‌నీ భవాయీ’ వచ్చింది. కథానాయిక అంతరా రేడియో జాకీ. ఆమె పని మైకు ముందు మాట్లాడటం, ఊరంతటికీ ఆమె గొంతు తెలుసు. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదన్న లోకంలో, గొంతే జీవనాధారమైన నాయికను నిలబెట్టడం చిన్న సంగతి కాదు.

ధ్రువ్ భట్ నవల ‘తత్త్వమసి’ ఆధారంగా 2018లో ‘రేవా’ సినిమా తీశారు. తెలుగు ప్రేక్షకులకు ‘సుడిగాడు’తోనూ బిగ్‌బాస్‌తోనూ పరిచయమైన మోనాల్ గజ్జర్ ఇందులో సుప్రియగా నటించింది. అమెరికా నుంచి ఆస్తి కోసం వచ్చిన యువకుడు నర్మద ఒడ్డున ఆశ్రమంలో ఆమె చేసే పనిని చూస్తాడు. ఆ పని, ఆ నది, అక్కడి మనుషులు కలిసి అతన్ని మార్చేస్తాయి. ఒక మనిషి మీద గౌరవం ఆమె పని చూసి కలగడం ఎలా ఉంటుందో ఈ కథలో కనిపిస్తుంది.

‘హెల్లారో’ది ఇంకో దారి. 66వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ చలనచిత్రంగా నిలిచిన ఈ సినిమా 1975 నాటి కచ్ ఎడారి పల్లెలో జరుగుతుంది. అక్కడి ఆడవాళ్లకు ఇంటి బయట ఉన్న చోటు ఒక్కటే, నీళ్లు తెచ్చుకునే దారి. ఆ దారిలో వాళ్లకు దాహంతో పడిపోయిన ఢోలు వాయించేవాడు కనిపిస్తాడు. అతను వాయిస్తాడు, వాళ్లు ఆడతారు. దీన్ని ఆఫీసు ప్రేమకథ అనలేం. కానీ పని కోసం ఇల్లు దాటిన కాస్త దూరంలోనే ఆడవాళ్లకు తమదైన ఊపిరి దొరుకుతుందన్న నిజం ఇంత అందంగా మరెక్కడా కనిపించదు. బ్యాంకు టేబుల్ ఆ నీళ్లదారికి కొనసాగింపే.

సినిమాలకు తోడు, ఫోన్‌లో చదివే ధారావాహికలు ఇప్పుడు మరో పెద్ద వేదిక. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి తెలుగు పాఠకులకు సుపరిచితమే, గుజరాతీలోనూ అది అంతే బలంగా ఉంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గృహిణి, మెట్రోలో వెళ్తూ ఒక ఉద్యోగిని రోజుకో భాగం రాయవచ్చు, చదవవచ్చు. ఆఫీసు ప్రేమ అక్కడ తేలిగ్గా అల్లుకుపోతుంది. రోజూ ఒకే గది, రోజూ ఒకే మనుషులు, రోజుకో చిన్న మలుపు. ధారావాహికకు ఇంతకన్నా ఏం కావాలి?

బాస్ ప్రేమిస్తే

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాల్సిన విషయం ఉంది. మనకు యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఉంది. జయంతి, రాజశేఖరం పేర్లు చెబితే చాలు, 1976లో అక్కినేని, వాణిశ్రీ నటించిన సినిమా కూడా గుర్తొస్తుంది. యజమాని, ఉద్యోగిని ప్రేమించుకునే ఈ మూస గుజరాతీ జనప్రియ కథల్లోనూ ఉంది. పేఢీ పెంచిన సమాజం కాబట్టి అక్కడ దీనికి ఇంకో మెలిక తోడవుతుంది. బాస్ అంటే జీతం ఇచ్చేవాడే కాదు, శేఠ్ కొడుకు కూడా. అతన్ని పెళ్లాడిన రోజున ఆమె ఉద్యోగిని స్థానం నుంచి ఇంటి కోడలి స్థానానికి మారిపోతుంది. పేఢీ ఆమెను మింగేస్తుంది. కథకుడు దాన్ని ‘సుఖాంతం’ అంటాడు.

జీతం, పదోన్నతి, బదిలీ చేతిలో ఉన్న మనిషి ‘నువ్వంటే ఇష్టం’ అంటే, కింద పనిచేసే మనిషికి ‘కాదు’ అనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది? ఈ ప్రశ్న 1997లో, పనిచోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖా తీర్పుతో దేశం ముందుకు వచ్చింది, 2013లో చట్టమైంది. పదిమంది లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్నచోట్లకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. చిన్న పేఢీలు, దుకాణాలు కిక్కిరిసిన గుజరాత్ బజార్లలో ఆ రెండో మాటకే ఎక్కువ పని. ఇవాళ ఆఫీసు ప్రేమ రాసే రచయిత ఈ చట్టం పేరెత్తనక్కర్లేదు. అమ్మాయి ‘కాదు’ అని చెప్పగలిగే వీలు కథలో ఉంచితే చాలు. ‘కాదు’కు చోటున్నప్పుడే ‘ఔను’కు విలువ.

గుజరాత్‌లో కొన్ని దశాబ్దాల కిందట ‘మైత్రీ కరార్’ అనే అలవాటు కూడా ఉండేది. పెళ్లయిన మగవాడు ఇంకో స్త్రీతో స్టాంపు కాగితం మీద స్నేహ ఒప్పందం రాసుకునేవాడు. 1955 హిందూ వివాహ చట్టం రెండో పెళ్లిని నిషేధించింది కాబట్టి ఈ పక్కదారి. ఆ కాగితం ఆమెకు భార్య హక్కులేవీ ఇవ్వలేదు. వ్యాపారంలో కాగితానికి అంత విలువిచ్చే సమాజంలోనే, ఒక స్త్రీ చేతికి విలువలేని కాగితం పెట్టారు. ఆఫీసు ప్రేమను పెళ్లయిన మనుషులకు ముడిపెట్టే ఏ కథకుడైనా ఆమె తరఫున ఆ కాగితాన్ని ఒక్కసారి చదివి చూడాలి.

ఇంకా రాయని కథలు

ఈ ప్రేమకథల్లో ఏసీ గదులు, కాఫీ మిషన్లు ఎక్కువ. కానీ గుజరాత్‌లో పనిచేసే ఆడవాళ్లలో ఎంతోమందికి టేబుల్ లేదు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ స్థాపించిన ‘సేవా’ సంఘం నిలబడింది వాళ్ల కోసమే: కూరగాయలు అమ్మేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, తలమీద బరువులు మోసేవాళ్లు. సూరత్‌లో వజ్రాలు సానపెట్టే కార్ఖానాలున్నాయి, మర మగ్గాలున్నాయి. ఆ మగ్గాల దగ్గర తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు కూడా తరాలుగా బతుకుతున్నాయి. అక్కడా పక్కపక్కన మనుషులు పనిచేస్తారు, అక్కడా ఒకరి అలసట ఇంకొకరి కంటపడుతుంది. ఆ ప్రేమలు కూడా కథలు కావాలి. అవి వచ్చిన రోజున ఈ ప్రేమకథల లోకం నిజంగా పెద్దదవుతుంది.

ఆమె కుర్చీ

గుజరాతీ ఆఫీసు ప్రేమకథ ఒకటి మీ చేతికి వస్తే, వాళ్లు పెళ్లి చేసుకున్నారా అన్నది చివరి పేజీలో తెలుస్తుంది. దాంతోపాటు ఇంకోటి కూడా చూడండి: చివర ఆమె కుర్చీ ఎక్కడుంది? పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి అతని పేఢీలోనో ఇంట్లోనో కలిసిపోయిందా, లేక తన టేబుల్ దగ్గరే ఉందా? వందేళ్లకు పైగా గుజరాతీ నవల ఆడమనిషికి ఇల్లు, జాతర చూపించింది. ఇంటి పేరుకు ముందు సొంత పేరుతో, సొంత పనితో మనిషిని గుర్తించే చోటును ఆఫీసు మొదటిసారి ఆమెకిచ్చింది. ఆమె ప్రేమించింది ఆ చోటులో. ఆ ప్రేమకే ఆ చోటును వెలగా చెల్లించమనే కథ, ఎంత తియ్యగా రాసినా, ఆమెను మళ్లీ గాదీ వెనక గదిలోకే పంపుతుంది.

హేతల్, నీలేశ్‌ల కథను నేనైతే ఇలా ముగిస్తాను. పెళ్లయి మూడు నెలలు. ఇద్దరికీ ఒకే శాఖ వద్దని ఆమెకు నగరం అవతలి శాఖకు బదిలీ అయింది. మొదటి రోజు మధ్యాహ్నం కొత్త సహోద్యోగులు టేబుళ్లు కలిపారు. ఒకామె మర్యాదగా అడిగింది, ‘హేతల్‌బెన్, డబ్బాలో ఏం తెచ్చారు?’ హేతల్ మూత తీసింది. దుంప లేని సొరకాయ కూర. పొద్దున్నే వండి డబ్బాలో పెట్టింది నీలేశ్.